జారని మట్టె

బీపీ చూసేటప్పుడు కృపామణి ఎవర్నీ మాట్లాడనివ్వదు. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోమంటుంది. కాలు మీద కాలు వేసుకుంటే తనే వంగి దింపుతుంది. జాకెట్టు చెయ్యి పైకి మడిచి, మోచేతి మడతకి కాస్త పైగా పట్టీ చుట్టి, దాని కిందకి తన వేలు దూరుతుందో లేదో చూసుకుని, "ఇంక నోటికి తాళం" అంటుంది.

ఆ తాళం లోవలక్ష్మి దగ్గర ఏనాడూ పనిచెయ్యలేదు.

"మాటాడితే పెసరు పెరుగుతాదేటమ్మా?"

"పెరుగుతుంది పిన్నిగారూ."

"అయితే మా అత్తకి ఏ మాత్రా పని సెయ్యదు."

గుమ్మం బయట బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న పక్కింటి బేబి కిసుక్కున నవ్వింది. కృపామణి కూడా నవ్వు ఆపుకోలేక, మిషను ఆపేసి, కాసేపు ఊరుకుని, మళ్ళీ మొదటినించీ మీట నొక్కింది. ఈసారి లోవలక్ష్మి పెదవులు బిగించి, బడిలో పంతులు ముందు నిలబడ్డ పిల్లలా కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చుంది. అంకెలు ఎక్కి, దిగి, ఆగాయి. ప్రెషరు బాగా లొంగింది.

నర్సీపట్నం మెయిన్‌రోడ్డు మీది ఆ ప్రైవేటు ఆసుపత్రిలో మందుల కొట్టు వెనక గది కృపామణిది. తలుపు మీద ఇంగ్లీషులో ఏదో పొడుగు పేరు ఉంది గాని, ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకి అది పరీక్ష గది. రక్తపోటుకి వాడే రెండు మాత్రల్ని అక్కడ పోల్చి చూస్తున్నారు. రెండూ ఒక్క కుటుంబానివే. రక్తనాళాల గోడల్లోకి కాల్షియం దూరే దారులకి అడ్డం పడతాయి. అడ్డం పడితే బిగుసుకున్న నాళం వదులవుతుంది, ప్రెషరు దిగుతుంది. ఒకటి దేశమంతా ఏళ్ళ తరబడి మింగుతున్న పాతది. దానితో ఒక తంటా ఉంది: కొందరికి పాదాలకి నీరు దిగుతుంది. రెండోది కొత్తది. ప్రెషరు అంతే దించుతుంది, పాదాల జోలికి మాత్రం పోదు అని దాన్ని తయారుచేసిన వాళ్ళ ఆశ. ఆ ఆశ నిజమో కాదో తేల్చడానికే ఈ పరీక్ష. ఎవరికి ఏది వెళుతోందో మింగేవాళ్ళకి తెలియదు, ఇచ్చే కృపామణికి తెలియదు, డాక్టరు గోపీకృష్ణకీ తెలియదు. రెండు బిళ్ళలూ ఒకే తెలుపు, ఒకే గుండ్రం, ఒకే రకం సీసా. "చీటీలు వేసి పంచినట్టే అనుకోండి" అని చెప్పి సంతకాలు తీసుకుంది కృపామణి.

పట్టీ విప్పి, ఆమె నేల మీద గొంతుక్కూర్చుంది. లోవలక్ష్మి పాదం తన మోకాలి మీద పెట్టుకుని, చీలమండ పైన టేపు చుట్టింది. పసుపు రాసుకున్న పాదం, పగిలిన మడమ, ఆ పగుళ్ళలో ఎన్నిసార్లు తోమినా పోని బురద గీతలు.

"ఓలమ్మ, నా కాలు ఎత్తుకుంటావేటి పొద్దున్నే" అని లోవలక్ష్మి వెనక్కి లాక్కోబోయింది. ప్రతిసారీ లాక్కోబోతుంది.

"ఉండండి. కాళ్ళు వాచాయా ఎప్పుడైనా?"

"నేదమ్మా."

"నీరు దిగిందా?"

"నేదు."

"ఇంకేమైనా ఇబ్బంది?"

"ఏటీ నేదు. నీ మాత్ర అమృతం. అది పడ్డకాడ్నించీ ఒళ్ళు నిండింది నాకు."

టేపు కూడా అదే చెప్పింది. పోయినసారి కొలతే. కృపామణి రాసుకుని, కొత్త సీసా ఇచ్చి పంపింది.

తర్వాత రాచెల్ వచ్చింది. లోవలక్ష్మి వాళ్ళ ఊరే. వరాహ ఏటి గట్టు మీద ఊరు అది, చెరుకూ వరీ పండుతుంది. ఊరి బడిలో మధ్యాహ్నం భోజనం వండేది రాచెలే. ఆదివారాలు కృపామణి కూర్చునే చర్చిలోనే, ఆడవాళ్ళ వరసలో రెండు చాపల ముందు కూర్చుంటుంది.

రాచెల్ కుర్చీలో కూర్చోకముందే చెప్పింది. "కృపా, సాయంకాలం చూడాలి నువ్వు నా పాదాలు. గిన్నెలో పిండి పొంగినట్టు పొంగుతున్నాయి. చెప్పుల్లో పట్టడం నేదు."

పాదాల మీద చెప్పు పట్టీల గీతలు ఉన్నాయి. టేపు వేస్తే తేడా పెద్దగా లేదు. బొటనవేలితో నొక్కితే చర్మం కాస్త ఆలస్యంగా పైకి లేచింది. కృపామణి లేచి వెళ్ళి డాక్టరు గోపీకృష్ణని పిలుచుకొచ్చింది.

ఆయన చెడ్డవాడు కాదు. బయట ఓపీలో జనం పేరుకుపోయి ఉన్నారు, మెడలో స్టెతస్కోపు, చేతిలో సగం తాగిన టీ. వంగి నొక్కి చూశాడు.

"రోజూ ఎంతసేపు నిలబడతారమ్మా?"

"బడి వంటండి. పొద్దున్న ఎసరు పెడితే పిల్లలు తిని లేచేదాకా పొయ్యి కాడే."

"అదీ సంగతి. నిలబడి పనిచేసేవాళ్ళకి సాయంత్రానికి కాళ్ళు బరువెక్కుతాయి. రాత్రి దిండు మీద పెట్టుకుని పడుకోండి."

"ఆ పొయ్యి కాడ ఎన్నో యేళ్ళబట్టీ నిలబడతన్నానండి. ఎప్పుడూ రానిది ఈ మాత్ర పడ్డాకే వచ్చింది."

"ఇంతమంది వాడుతున్నారు. ఒక్కరికీ లేదు." ఆయన టీ గుటక వేసి నవ్వాడు. "మీ ఒక్కరికే ఉంటే తప్పు మాత్రదా, పొయ్యిదా?"

గుమ్మం దగ్గర కృపామణి మెల్లిగా అంది, "సార్, చర్మం లేవడానికి టైము పట్టింది."

"మీ చర్చి ఆవిడే కదా సిస్టర్?" అన్నాడాయన. కోపంగా కాదు, మామూలుగానే. "మనవాళ్ళ మాట మనకి కాస్త గట్టిగా వినిపిస్తుంది. మందుకి సంబంధం లేదు, వృత్తి వల్ల అని రాయండి. శుక్రవారం మందు కంపెనీ వాళ్ళు తనిఖీకి వస్తున్నారు, అన్నీ సర్దిపెట్టండి."

కృపామణి రాసింది. రాస్తున్నంతసేపూ రాచెల్ ఆ చేతినే చూసింది.

"ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చక్కా. ముందే చెప్పాను కదా" అంది కృపామణి, ఆయన వెళ్ళాక.

"మానుకుని? మా నాన్నలాగ మూతి వంకరెళ్ళి మంచాన పడమంటావా? ఏదో ఒక మాత్ర మింగాలి. పొయ్యి తప్పని రాసీసినాక ఈ డాక్టరే కాదు, ఏ డాక్టరైనా ఈ జాతి మాత్రే ఇస్తాడు మళ్ళీ." రాచెల్ చెప్పుల్లో కాలు దూర్చుకుంటూ గొంతు తగ్గించింది. "మొన్న గంజి వార్చేటప్పుడు కాలు తూలింది కృపా. చుట్టూ పిల్లలు పళ్ళేలు పట్టుకుని నిలబడి ఉన్నారు. నా మీద పడితే పడింది, ఆళ్ళ మీద పడితే? నిజం సెప్తే ఆ డాక్టరు అబద్ధాలకోరుని సూసినట్టు సూసినాడు."

ఆమె గోడ పట్టుకుని మెట్లు దిగింది. కృపామణి టేపుని వేలికి చుట్టుకుంటూ నిలబడింది. బేబి వచ్చి కుర్చీలో కూర్చున్నది కూడా గమనించలేదు.

బేబి నలభై దాటిన మనిషి, ఎండుకట్టెలా ఉంటుంది. లోవలక్ష్మికి ఆడపడుచు వరస, పక్కిల్లు. బీపీ చూపించుకుని, పాదం కొలిపించుకుని, సీసా చేతికిస్తే పుచ్చుకోలేదు.

"ఇది కాదమ్మా. మా వొదినకిచ్చిన మాత్ర ఇయ్యి."

"అందరివీ ఒకేలాంటివి బేబీ. ఎవరికి ఏది వెళ్తుందో నాకే తెలీదు."

"నీకు తెలీదేమో, మాకు తెలుసు. ఆ మాత్రయితే మట్టెలు జారవంట."

"ఏం జారవు?"

బేబి చీర కుచ్చెళ్ళు పైకెత్తి కాలు చాపింది. రెండో వేలికి వెండి మట్టె, దాని అడుగున చుట్టిన దారం. బురద పీల్చి నల్లబడి, నూనె మరకలా మెరుస్తోంది.

ఆ దారం కృపామణి ఎన్నో కాళ్ళకి చూసింది. ఆమె తల్లికి మట్టెలు లేవు, అమ్మమ్మకి లేవు, తనకీ లేవు. చర్చివాళ్ళలో అవి పెట్టుకునే అలవాటే లేదు. ఆ దారం ఏదో మొక్కుకి కట్టినదనుకుంది ఇన్నాళ్ళూ. పరాయివాళ్ళ మొక్కు గురించి అడగడం బాగుండదని ఏనాడూ అడగలేదు.

"మొక్కు కాదా ఇది?"

"మొక్కేటి!" బేబి పకపకా నవ్వింది. "వేళ్ళు సన్నబడిపోతే మట్టె వొదులైపోతాది. ఊడ్పుల్లో బురద లాగీసుకుంటాది. ఊడి పడిపోకుండా దారం సుట్టుకుంటాం. మా వొదినకి అయితే ఎంత సుట్టినా నిలిసేది కాదు. ఈ మాత్ర మొదలెట్టినాక దారం తీసి పారేసింది. పట్టినట్టు కూర్సుంది మట్టె. సిట్టెమ్మకీ అంతే, పార్వతికీ అంతే. నాకేటో ఇచ్చినావు, నాకింకా దారమే. నాలుగు మాత్రలు మార్సుకుందామంటే మా వొదిన ఒప్పుకోదు, దేవుడు ఎవరిది ఆళ్ళకి రాసినాడంటాది."

కృపామణి చేతిలోని టేపు నేల మీద పడింది. అది దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది. ఆమె వంగి తీసుకోలేదు.

"పొద్దుటి పూట కూడా పట్టుకునే ఉంటాయా బేబీ, ఆవిడ మట్టెలు?"

"పొద్దున్న కాస్త వొదులేనంట. పనిలో పడితే బిగుస్తాయి. పనికే గదా కావలిసింది."

మర్నాడు డ్యూటీ దిగాక కృపామణి ఏటి వైపు వెళ్ళే బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని, ఇన్నాళ్ళూ తాను అడిగిన ప్రశ్నల్ని ఒకదాని వెనక ఒకటి తలుచుకుంది. సగం మందికి పాత మాత్రే వెళ్తోంది. దానితో కొందరికైనా నీరు దిగాలి. ఒక్కరికీ దిగలేదంటే తను, డాక్టరు, అందరూ సంతోషించారు. అనుమానించాల్సిన చోట సంతోషించారు. ప్రెషరు చూడాలంటే మాత్ర వేసుకోకముందే చూడాలి గనక అందర్నీ పొద్దున్నే రమ్మంటారు. రాత్రంతా పడుకుని లేచిన పాదానికి టేపు వేసి బాగుందని రాసుకుంటారు.

లోవలక్ష్మి మడి గట్టు దిగుతూ కనిపించింది. చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి ఉంది. తలకి చుట్టిన తువ్వాలు విప్పి దులుపుకుంటూ, బోదె కాలవ దగ్గర కాళ్ళు కడుక్కోవడానికి ఆగింది.

"ఓలమ్మ, కృపమ్మ! ఏటిలాగొచ్చినావు? మా ఊళ్ళో ఎవరికైనా పెసరు పొంగిందేటి?"

"మిమ్మల్ని చూద్దామనే. కాలు కడుక్కున్నాక ఒకసారి చాపండి."

"ఇక్కడ కూడానా? నా కాలికి నువ్వు మొక్కుకున్నావేటమ్మా?" అంటూనే గట్టు మీద కూర్చుని చాపింది.

కృపామణి బొటనవేలితో చీలమండ పక్కన నొక్కి, అలాగే పట్టి ఉంచి, తీసింది. చర్మం లోపలికి దిగిపోయి అక్కడే ఉండిపోయింది. చింతగింజ పట్టేంత లోతు.

"చూశారా? గుంట పడింది."

లోవలక్ష్మి ఉలిక్కిపడి బోదె వైపు తిరిగింది. "ఏ గుంట? ఎక్కడ పడినాది?"

అక్కడ గుంట అంటే ఆడపిల్ల. గట్టు మీద ఆడుతున్న పిల్లలందరూ క్షేమంగానే ఉన్నారు. కృపామణి నవ్వుతూ ఆమె చెయ్యి పట్టుకుని పాదం మీద పెట్టించింది. "పిల్ల కాదు పిన్నిగారూ. ఇక్కడ, గొయ్యి."

లోవలక్ష్మి తన వేలితో ఆ గొయ్యి తడిమింది. ఇంకోచోట తనే నొక్కి చూసుకుంది. అక్కడా పడింది. మట్టె చుట్టూ వేలు బుగ్గలా ఉబ్బి, వెండి అంచు కింద చర్మం నల్లగా కమిలి ఉంది.

"ఇది కండ కాదు. నీరు. మాత్ర వల్ల దిగుతోంది" అంది కృపామణి.

"నువ్వు నీరంటావు. నాను ఒళ్ళు నిండిందంటాను." లోవలక్ష్మి పాదం వెనక్కి తీసుకుంది. నవ్వు పోయింది ముఖంలోంచి. "పోయిన యేడు ఇదే మడిలో కుడికాలి మట్టె పోగొట్టుకున్నాను. మోకాళ్ళ మీద కూర్సుని బురదంతా పిసికినాను, దొరకనేదు. ఆ వారమే మా ఆయన ట్రాక్టరు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మా అత్త ఊరందరికీ ఏటని సెప్పినాదో తెలుసా? దీని కాలే అంతంది. మట్టె నిలవని కాలంది. మళ్ళీ కొనుక్కున్నది ఇప్పుడు నిలిసింది. దాన్ని నువ్వొచ్చి రోగమంటావు."

గట్టు అవతల చేతికర్ర ఆనించుకుని నిలబడ్డ ఆమె భర్త మన్మథరావు అంతా వింటున్నాడు. "నాను పడింది బ్రేకు పట్టక. మట్టెకేటి తెలుసు బ్రేకు సంగతి" అన్నాడు.

"నువ్వూరుకో. పడినోడివి నువ్వు, మాటలు పడింది నాను."

బోదెలో నీళ్ళు గడ్డిపోచల్ని లాక్కుపోతున్నాయి.

"రాచెలక్కకీ ఇదే వచ్చింది" అంది కృపామణి. "డాక్టరుగారు నమ్మలేదు. ఇంకెవరికీ లేదు, నీకొక్కదానికే ఎందుకొస్తుంది, పొయ్యి కాడ నిలబడ్డం వల్లే అన్నారు."

"ఆవిడకి మట్టెలు లేవు గదా."

"లేవు కాబట్టే ఆవిడకి వాపు కనిపించింది. మీకు మట్టె కనిపించింది."

లోవలక్ష్మి తువ్వాలుతో పాదాలు తుడుచుకుంది, వేలి సందులు కూడా.

"శుక్రవారం సాయంకాలం రాగలరా? పొద్దున్న వద్దు. మడిలోంచి ఎలా ఉంటే అలాగే."

"వత్తే మాత్ర మార్సేస్తారా?"

"మార్చొచ్చు."

"అప్పుడు మళ్ళీ జారతాయి."

"జారతాయి."

"జారవని ఒక అబద్ధం ఆడొచ్చు గదమ్మా నువ్వు" అంది లోవలక్ష్మి లేస్తూ. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

అయినా బస్సు దాకా తోడు వచ్చింది. ఊరొచ్చిన మనిషిని ఒంటరిగా పంపడం ఆమెకి చేతకాదు. దారిలో చర్చి వీధి మలుపులో రాచెల్ ఇల్లు. రాచెల్ అరుగు మీద కూర్చుని, బోర్లించిన తపేలా మీద రెండు కాళ్ళూ చాపుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని రేపటి పప్పులో రాళ్ళేరుతోంది. వీళ్ళని చూసి కంగారుగా చీర పాదాల మీదికి లాక్కుంది. అప్పటికే లోవలక్ష్మి చూసేసింది. దగ్గరికి వెళ్ళి, అడక్కుండానే చీర అంచు పక్కకి తొలగించింది. మట్టెలూ పసుపూ లేని పాదాలు, నిగనిగలాడుతూ, వేళ్ళ మధ్య సందు లేకుండా.

"నొప్పా?" అంది.

"నొప్పి కాదు లోవమ్మా. బరువు. ఎవరివో కాళ్ళు మోస్తున్నట్టు."

లోవలక్ష్మి అరుగు మీద, ఆమె పక్కనే కూర్చుంది. కాసేపు చేటలోకి చూస్తూ ఒక రాయి ఏరి బయటికి విసిరింది.

"నాకూ బరువే" అంది. "బురద బరువనుకున్నాను."

శుక్రవారం కంపెనీ తరఫున ఒక అమ్మాయి వచ్చింది. హైదరాబాదు నుంచి రాత్రి రైలెక్కి అనకాపల్లిలో దిగి, అక్కణ్ణించి కారులో వచ్చింది. ఫైళ్ళన్నీ తిరగేసింది. ఎవరినీ తప్పుపట్టే మనిషిలా లేదు. "మీ సెంటరులో మందు వల్ల వాపు కేసులు ఒక్కటీ లేవు సార్" అంది మెచ్చుకోలుగా.

"ఇక్కడి జనం గట్టివాళ్ళమ్మా. నడుస్తారు, పనిచేస్తారు" అన్నాడు గోపీకృష్ణ.

కృపామణి టీలు తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టి వెళ్ళిపోలేదు. "మేడమ్, సాయంత్రం దాకా ఉండగలరా? కొంతమందిని రమ్మన్నాను. పాదాలు చూడ్డానికి."

డాక్టరు నొసలు ముడిపడింది. "విజిట్లు పొద్దున్న కదా సిస్టర్. రూలు ప్రకారం."

"ప్రెషరుకి పొద్దున్న సార్. పాదాలు ఏ పూట చూడాలో రూల్లో లేదు. నేను మొత్తం చదివాను."

ఆ అమ్మాయి కాగితాలు వెనక్కి తిప్పి, వేలితో వరసలు దిగుతూ చదివి, తలెత్తింది. "నిజమే. లేదు."

ఉంటానంది. మధ్యాహ్నం గడిచింది. ఓపీ పలచబడింది. కృపామణి గదిలో కుర్చీలు సర్దింది, ఉతికిన తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టింది, గుమ్మంలోకి వెళ్ళి రోడ్డు చూసింది. ఏటి వైపు బస్సు వచ్చి ఆగి, వెళ్ళిపోయింది. అందులోంచి రాచెల్ ఒక్కతే దిగింది. బడి నుంచి నేరుగా వచ్చింది, చీర కొంగున మసి ఉంది. వచ్చి బెంచీ మీద కూర్చుని, "నా ఒక్కదాని పాదాలు ఇదివరకే చూశారుగా" అంది. కృపామణి మళ్ళీ రోడ్డు వైపు చూసింది. గోపీకృష్ణ గడియారం చూసుకున్నాడు. ఆ అమ్మాయి బ్యాగు జిప్పు లాగింది.

అప్పుడు ఆటో వచ్చింది. దాన్లోంచి ముందు మన్మథరావు చేతికర్ర దిగింది, తర్వాత ఆయన, ఆయన వెనక బేబి, చిట్టెమ్మ, పార్వతి, అందరికన్నా చివర లోవలక్ష్మి. కాళ్ళకి బురద ఎండి బూడిద రంగు మేజోళ్ళలా ఉంది. నేల పాడవుతుందని గుమ్మంలో ఆగిపోయారు.

"లోపలికి రండి" అంది కృపామణి.

"మడిలోంచి ఎలా ఉంటే అలాగే రమ్మన్నావు. వచ్చినాం. మళ్ళీ గచ్చు పాడైందని అనకండి బాబూ" అని, లోవలక్ష్మి వచ్చి రాచెల్ పక్కన కూర్చుంది. తన పాదం ఎత్తి రాచెల్ పాదం పక్కన పెట్టింది. ఒకటి బురదది, ఒకటి మసిది. రెండూ ఒకే తీరున ఉబ్బి ఉన్నాయి.

గోపీకృష్ణ కుర్చీలోంచి వంగబోయి, ఆనక, నేల మీదే మోకాలు ఆనించి కూర్చున్నాడు. లోవలక్ష్మి పాదం నొక్కి పట్టి వదిలాడు. గొయ్యి పడింది. రాచెల్ పాదం నొక్కాడు. పడింది. చిట్టెమ్మ, పార్వతి.

"అందరూ నిలబడే పనులే కదా..." అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

"ఆవిడ పొయ్యి కాడ నిలబడతాది బాబూ. నాను నీళ్ళలో నిలబడతాను. పొయ్యి తప్పు నాకెలా అంటుకుంది?" అంది లోవలక్ష్మి.

"నిలబడ్డమే అయితే నానూ అదే మడండి" అని బేబి తన కాలు ముందుకి చాపింది. "అదే బురద, అదే పొద్దు. నాది నొక్కండి."

నొక్కాడు. వేలు తియ్యగానే చర్మం లేచిపోయింది. సన్నటి వేలు, వదులు మట్టె, నల్లటి దారం. గోపీకృష్ణ ఆ దారం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత కృపామణి వైపు చూశాడు. ఆమె నేల చూపులు చూడలేదు.

"రాచెల్ గారి ఫైలు తీయండి సిస్టర్" అన్నాడు.

ఆమె తీసిచ్చింది. "వృత్తి వల్ల" అన్న మాట మీద ఆయన ఒక గీత గీసి, పక్కన తేదీ వేసి, సంతకం పెట్టి, మందు వల్ల అని రాశాడు. రాసింది ఆ అమ్మాయి వైపు తిప్పాడు. ఆమె బ్యాగు మళ్ళీ తెరిచి పెన్ను తీసింది.

"రేపట్నించి ఈ మాత్ర ఆపేద్దామమ్మా" అన్నాడు రాచెల్‌తో. "వేరే కుటుంబం మాత్ర ఇస్తాను. ప్రెషరూ దిగుతుంది, పాదాలూ దిగుతాయి."

రాచెల్ తలూపింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, లోవలక్ష్మి మోకాలి మీద చెయ్యి వేసింది.

"మీ వాపు అంత పెద్దది కాదు" అన్నాడు డాక్టరు లోవలక్ష్మితో. "ప్రెషరు బాగుంది. కావాలంటే ఇదే వాడొచ్చు. కానీ మట్టె వేలిని కోస్తోంది. మాత్ర ఉంచుకుంటే మట్టె తీసెయ్యాలి."

గుమ్మంలో మన్మథరావు చేతికర్ర మార్చి పట్టుకున్నాడు.

"మట్టె తీసేదేటి!" అంది లోవలక్ష్మి. "మాత్రే తీసీండి."

అందరూ ఇళ్ళకి వెళ్ళాక, కృపామణి నేల మీద రాలిన ఎండుబురద ఊడ్చింది. ఆ రోజు నుంచి ఆ గదిలో పాదాలు సాయంకాలమే చూస్తున్నారు. వాచాయా అని కృపామణి అడగడం మానేసింది. కొందర్ని మట్టెలెలా ఉన్నాయని అడుగుతుంది, కొందర్ని చెప్పులెలా పడుతున్నాయని అడుగుతుంది. జవాబులు ధారాళంగా వస్తున్నాయి.

ఊడ్పులు అయిపోయి కలుపులు మొదలైన రోజుల్లో లోవలక్ష్మి మళ్ళీ వచ్చింది. కుర్చీలో వెనక్కి ఆనుకుంది, చెయ్యి తనే బల్ల మీద పెట్టింది, నోరు మూసుకుంది. మార్చిన మాత్రతో కూడా అంకెలు ఎక్కి, దిగి, మంచిచోటే ఆగాయి. పట్టీ విప్పేదాకా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు.

"ఏం పిన్నిగారూ, ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. రాచెలు నిన్న బడికాడ్నించి చెప్పులేసుకుని టకటకా నడిసెల్తంది, నాను అందుకోలేకపోనాను." అంటూ కాలు ముందుకి చాపింది. వేలు సన్నబడింది. కమిలిన చర్మం మాని, దాని మీద మట్టె చేతిగాజులా తిరుగుతోంది. "జారవని అబద్ధం ఆడనేదు నువ్వు. జారతన్నాయి. మా ఇంట్లో దారపుండ అయిపోయింది. నీకాడ ఏదన్నా ఉందేటి?"

కట్లు కట్టే ట్రే తెచ్చి, కృపామణి పల్చటి కట్టుగుడ్డలోంచి ఒక పోగు లాగింది. ఒకటి చాలదని ఇంకో రెండు లాగి, మూడూ కలిపి తొడ మీద పేనింది. నేల మీద కూర్చుని, పసుపు పాదం మోకాలి మీద పెట్టుకుంది. ఈసారి లోవలక్ష్మి కాలు లాక్కోలేదు. మట్టె అడుగు నుంచి దారం దూర్చి, ఎలా చుట్టాలో తెలియక కృపామణి తలెత్తితే, "వేలుకి కాదమ్మా, వెండికి. ఆ, అలాగ. ఒకదాని పక్కనొకటి" అంటూ పైనుంచి చెప్పింది. తెల్లటి దారం వెండి మీద వరసగా కూర్చుంది. మట్టె తిరగడం మానేసింది. కృపామణి ముడి వెయ్యడానికి దారం లాగింది.

"అంత బిగించీకు" అంది లోవలక్ష్మి. "కూసింత వొదులుంచు. రేపు మళ్ళీ నీరొస్తే నాకు తెలవాలి గదా?"